ఫీడ్‌లాట్‌లో దాణా వైపు వెళ్లాలా, పశువుల ఆరోగ్యం వైపు వెళ్లాలా?

కొత్త గుమస్తా:
మాంసం కోసం పశువులను దొడ్లలో ఉంచి దాణాతో బలిపించే ఫీడ్‌లాట్ ఒకటి, ఆరు వేల పశువులున్నది, దాని ఆఫీసులో చేరి మూడు నెలలైంది. బరువులు, మందులు, దాణా లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. వచ్చే నెల నుంచి బయట పని నేర్చుకోమన్నారు. దాణా వైపు వెళ్తావా, ఆరోగ్యం వైపు వెళ్తావా, తేల్చుకుని చెప్పమని మేనేజరు గారు అడిగారు. నాకు తెలిసినవి జీతాల పట్టీలోని హోదాలే. మేత తొట్లు చూసే ఆయన తెల్లవారక ముందే బండిలో ఒక చుట్టు తిరిగి, పావుగంట కూర్చుని అంకెలు రాసి ఇస్తారు. దాణా లారీ రోజంతా నడిపే మనిషి కంటే ఆయనకే జీతం ఎక్కువ. ఎందుకు? అసలు ఇక్కడ ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

తెల్లవారుజాము:
మీరు పావుగంట అన్న పనిని నేను పదకొండేళ్లు చేశాను. చదవగానే కోపం వచ్చింది, ఆ కోపంలోనే రాస్తున్నాను.

తొట్టి చూసేవాడు తేల్చవలసింది ఒక్కటే: ఈ దొడ్డికి ఈ రోజు ఎంత దాణా పోయాలి? తొట్టికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తాం. సున్నా అంటే నాకి పెట్టినట్టు ఖాళీ. నాలుగు అంటే పోసింది పోసినట్టే ఉంది. సున్నా కనబడగానే కొత్తవాడు దాణా పెంచేస్తాడు. ఆ తొట్టి అర్ధరాత్రే ఖాళీ అయిందా, నేను రావడానికి కాస్త ముందు అయిందా? అడుగు ఇంకా తడిగా ఉందా, ఎండిపోయిందా? బండి చప్పుడుకు దొడ్డంతా లేచి తొట్టి మీద పడిందా, లేక పావువంతు పశువులు మాత్రం ఒళ్లు విరుచుకుని నింపాదిగా వచ్చాయా? నిన్న, మొన్న ఎంత తిన్నాయి? ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ సున్నాకు అర్థం.

మొదటి ఏడాది ఒక దొడ్డి రెండు రోజులు వరుసగా ఎగబడి తింది. నేను మురిసిపోయి ఒక్కో పశువుకు కిలో చొప్పున పెంచాను. వాతావరణం మారబోయే ముందు అవి అలాగే తింటాయని అప్పటికి నాకు తెలియదు. మర్నాడు గాలివాన. ఆ పూట సరిగ్గా తినలేదు, వాన వెలిశాక ఆకలి మీద ఒక్కసారిగా మెక్కాయి. గింజ ఎక్కువగా పడితే పెద్దపొట్టలో త్వరగా పులిసి ఆమ్లమవుతుంది. పేడ బూడిద రంగుకు తిరిగి నురగ కట్టింది. మూడింటికి పొట్ట ఉబ్బింది, ఒకటి చచ్చిపోయింది. ఆ రోజు లారీ నడిపిన మనిషి తప్పేమీ లేదు. నేను రాసిన అంకెనే ఆయన పోశాడు.

అలాగని లారీ పని తేలికని కాదు. రోజూ ఒకే వేళకు రావాలి, తొట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా పోయాలి. ఒక కొసన కుప్ప పోసి వెళ్తే బలమైనవి అక్కడ చేరతాయి, మిగతావి నిలబడి చూస్తాయి. మిల్లులో ఉండేవాళ్లు గింజ, పీచుమేత, మందులు తూచి కలుపుతారు. కొత్తగా వచ్చిన పశువులను సుమారు మూడు వారాల్లో మెట్టు మెట్టుగా గింజ ఎక్కువున్న దాణాకు అలవాటు చేస్తారు. ఏ దొడ్డి ఏ మెట్టు మీద ఉందో మిల్లుకూ లారీకీ ఒకే మాట తెలియకపోతే అంతే సంగతులు.

గుర్రం మీద మనిషి:
తొట్టి పెద్దలకు పశువు నోరు తప్ప వేరేది కనబడదు. గుర్రం మీద దొడ్లు తిరిగి జబ్బు పశువులను వెతికే మాకు మిగతాదంతా కనబడాలి. పశువు వేటకు గురయ్యే జాతి. మనిషి దగ్గరికి వస్తే జబ్బు దాచేస్తుంది. అందుకే దొడ్డిలోకి వెళ్లకముందే దూరం నుంచి ఒకసారి చూడాలి. అందరికంటే చివర లేచేదేది? చెవులు వాల్చినదేది? ఎడమ డొక్క లోపలికి పోయినదేది? వచ్చిన తొలి మూడు నాలుగు వారాల్లో ఊపిరితిత్తుల జబ్బే ఎక్కువ. అనుమానం వచ్చినదాన్ని విడదీసి వైద్యం చేసే షెడ్డుకు తోలతాం. అక్కడ థర్మామీటరు 40 డిగ్రీలు దాటి చూపిస్తే నేను గెలిచినట్టు. మామూలుగా ఉంటే షెడ్డువాళ్లు నావైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపుకు భయపడి తోలడం తగ్గించిన రోజే అసలు జబ్బుది తప్పించుకుంటుంది.

ఇంకొకటి. దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు పశువులకు మేలు చేస్తుంది, గుర్రం ప్రాణం తీస్తుంది. నా గుర్రాన్ని తొట్టి దరిదాపులకు పోనివ్వను. కొత్తగా చేరేవాళ్లకు ఇది ఎవరూ మొదటిరోజు చెప్పరు.

షెడ్డు పని:
పశువులు దిగగానే ఇనుప బోనులో పట్టి టీకా, నులిపురుగుల మందు, చెవికి నంబరు వేసేది మేమే. జబ్బు చేస్తే వైద్యం చేసేదీ మేమే. పశువైద్యుడు, పోషణ నిపుణుడు అప్పుడప్పుడు వచ్చి పద్ధతి రాసిపెట్టి వెళ్తారు. గుమస్తా గారూ, మందు వేసిన పశువు, ఆ మందు ఒంట్లోంచి పోయే గడువు తీరకముందే అమ్మకపు లారీ ఎక్కకుండా ఆపేది మీరు ఎక్కించే ఆ తేదీయే. మీ పనిని మీరే తక్కువ చేసుకోకండి. పెద్ద ఫీడ్‌లాట్లలో సుమారు వెయ్యి పశువులకు ఒక మనిషి అని లెక్క. మీ చోట ఒక్కొక్కరు రెండు పనులు చూస్తూ ఉంటారు. నీళ్ల తొట్లు కడిగే మనిషి పేరు మీరెవరూ ఎత్తలేదు, గమనించారా?

కొత్త గుమస్తా:
ఈ వేళ తొట్లు చూసే ఆయనతో వెళ్లాను. పన్నెండో దొడ్డిలో సగానికి పైగా మిగిలింది. మూడు మార్కులు వేసి, దాణా తగ్గించాలన్నాను. ఆయన ఏమీ రాయకుండా బండి దిగి నేరుగా నీళ్ల తొట్టి దగ్గరికి నడిచారు. నీళ్లు వదిలే తేలుడు బంతి ఇరుక్కుపోయి తొట్టి అడుగున బురద మాత్రమే ఉంది. మరమ్మతుల మనిషికి ఫోను వెళ్లింది, మిల్లుకు కాదు.

తెల్లవారుజాము:
నీళ్లు వచ్చాక ఎంత పోయించారు? పూర్తిగా పోయలేదు కదా?

కొత్త గుమస్తా:
సగమే. సాయంత్రం మళ్లీ వచ్చి చూడాలన్నారు. నన్నూ రమ్మన్నారు.