సమస్యాపూరణం: "సగము దాఁటువేళ సగము పెరిగె"

నిర్వాహకుడు
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

సగము దాఁటువేళ సగము పెరిగె

సగము–దాఁటు–వేళ–సగము–పెరిగె. అయిదూ సూర్యగణాలే, యతి స–స. సందర్భం అపలేచియన్ ట్రైల్. అమెరికా తూర్పువైపు జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్‌లోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,200 మైళ్ళు (3,500 కిలోమీటర్ల పైచిలుకు) సాగే కాలిబాట. నడిమి చోటు పెన్సిల్వేనియాలో, పైన్ గ్రోవ్ ఫర్నెస్ పార్కుకు కొద్ది మైళ్ళు దక్షిణాన వస్తుంది. సగం దాటితే మిగిలింది తరగాలి గదా, పెరగడమేమిటి? దారి తెలిసినవాళ్ళు ఒప్పుకునే కారణంతో చిక్కు విప్పండి. "అని కల వచ్చె" అంటూ తప్పించుకునే పూరణలు ఈసారి కూడా చెల్లవు.

బాటసారి

హార్పరు ఫెరిఁ జేరి యర్ధమైనది యంచు
ఫోటొ తీసికొనిరి పొరబడంగ
మైళ్ళు డెబ్బదింక మార్గాన మిగులంగ
సగము దాఁటువేళ సగము పెరిగె

నిర్వాహకుడు
గణాలు సరి. హా–య యతి చెల్లుతుంది. హార్పర్స్ ఫెర్రీని "హార్పరు ఫెరి" చేసి ఒక పొల్లునూ ఒక ద్విత్వాన్నీ మింగేశారు. పరదేశపు పేరు కాబట్టి వదిలేస్తున్నాను.

కొండదారి
విషయం పక్కా. ఆ ఊరు 1,025 మైళ్ళ ప్రాంతంలో వస్తుంది, అసలు సగం 1,099 దగ్గర. ట్రైల్ సంస్థవారి కేంద్రం అక్కడ ఉండటంతో, దాని ముందు ఫోటో దిగే ఆనవాయితీ వల్ల "మనసుకు సగం" అన్న పేరొచ్చింది. ఆ ఉత్సాహంలోనే కొందరు వర్జీనియా సరిహద్దు నుంచి పెన్సిల్వేనియా సరిహద్దు దాకా ఒక్క రోజులో నడిచే "నాలుగు రాష్ట్రాల పందెం" కడతారు. అది 40 మైళ్ళ పైమాటే. అప్పటిదాకా రోజుకు 15–18 మైళ్ళకు అలవాటైన కాళ్ళు ఒక్కసారిగా దానికి రెండింతలకు పైగా నడిస్తే మోకాలి కింద ముందువైపు వాచిపోతుంది. అసలు సగాన్ని కుంటుతూ చేరాలి.

తెల్లపట్టీ

దారి మార్చి మైలు తర్వాత కలిపిన
నడిమి గుర్తు జరిగె నర్ధ మైలు
కొలత యేటికేడు కొంచెము మారంగ
సగము దాఁటువేళ సగము పెరిగె

నిర్వాహకుడు
ఇది నేను ఎదురుచూసిన పూరణ. ఒక్క సవరణ: "తర్వాత" వాడుక మాట. "తరువాత" అన్నా గణం చెడదు, త గణం పోయి సలం వస్తుంది, అంతే.

కొండదారి
నాకు ఆ "తరువాత" మీదే సందేహం. ఎక్కడ తరువాత? సగానికి అవతల, అంటే ఉత్తరాన, మైలు కలిస్తే నడిమి చోటు నేలమీద అర మైలు ఉత్తరానికి జరుగుతుంది. సగానికి ఇవతల, దక్షిణాన, కలిస్తే అదే అర మైలు వెనక్కి, దక్షిణానికి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ సగం అంకె మాత్రం అర మైలు పెరుగుతుంది. కాబట్టి సమస్యాపాదం రెండింటికీ నిలుస్తుంది కానీ రెండో పాదం "జరిగె" ఎటో చెప్పలేదు.

తెల్లపట్టీ
ఎటు అన్నది కావాలనే వదిలానండి. "తరువాత" అంటే ముందు గీసిన దారికి తరువాతి కాలంలో అని నా ఉద్దేశం, చోటు కాదు.

కొండదారి
అలాగైతే ఒప్పుకుంటాను. ఇంకో మెలిక ఉంది. పెరగడమే నియమం కాదు. నిట్టనిలువు బాటలు వాన కోతకు గురైనచోట మెలికలు తిప్పుతారు, అప్పుడు పెరుగుతుంది. వేరేచోట సవరిస్తే తగ్గనూవచ్చు. 2023లో ప్రకటించిన మొత్తం 2,198.4 మైళ్ళు, 2024లో 2,197.4. సగం 1,099.2 నుంచి 1,098.7కు దిగింది. ఆ ఏడు నడిచినవారికి మీ పద్యం తలకిందులు!
చదివేవాళ్ళ కోసం ఓ మాట: పాత చెక్క బోర్డు అది పెట్టిననాటి సగాన్నే చూపిస్తుంది. ఆ ఏటి మొత్తాన్ని రెండుతో భాగించి, ఫోన్ పటంలో ఆ మైలు వచ్చేచోట ఆగాలి. అక్కడ ఏ గుర్తూ ఉండకపోవచ్చు, చెట్లమీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు తెల్లపట్టీలు తప్ప.

మూడోజత

వేయి మైళ్ళు నడువ వెడలుపై పాదాలు
పాత జోడులోనఁ బట్టకుండె
కొత్త జోడు కొనఁగఁ గొలతలోఁ జూచిన
సగము దాఁటువేళ సగము పెరిగె

నిర్వాహకుడు
సరళాదేశాలు, అరసున్నలు అన్నీ ఉండాల్సినచోటే ఉన్నాయి. "జోడు" అనడం నాకు నచ్చింది, బూటు అంటే గణం కుదిరేది కానీ పద్యం నలిగేది. సైజు అన్న మాట ఎత్తకుండానే "సగం సైజు" స్ఫురింపజేశారు.

కొండదారి
పద్యం బాగుంది, వైద్యం కొంచెం తప్పింది. మొదటి పాదంలో పాదం "వెడలుపై" అన్నారు, నాలుగో పాదంలో పెరిగింది సైజు అంకె. అమెరికా కొలతలో సగం సైజంటే ముందువైపు ఆరో వంతు అంగుళం, నాలుగు మిల్లీమీటర్ల పైన పొడవు. వెడల్పు దాంతో పెద్దగా రాదు. నెలల తరబడి మూట మోస్తే అరికాలి వంపు చదునై పాదం సాగుతుంది, దానికి సైజు పెంచాలి. వేళ్ళ దగ్గర విప్పారితే వెడల్పు అక్షరం మార్చాలి, మగవారికి డి (మామూలు వెడల్పు) నుంచి 2ఈ (ఎక్కువ వెడల్పు)కి. వెడల్పు చాలక సైజు పెంచుకుంటే మడమ జోడులో జారుతుంది, దిగుడులో బొటనవేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది.

మూడోజత
ఒప్పుకుంటున్నాను. "వేయి మైళ్ళు నడువ వెస సాగెఁ బాదాలు" అంటే?

నిర్వాహకుడు
వెస సాగెఁ: ల ల గ ల, సలం. బాదాలు త గణం. వే–వె యతి నిలిచింది. కానీ "వెస" అంటే వేగంగా. పాదం వేగంగా సాగదు. పడికట్టు మాట. మొదటిదే ఉంచండి, కొండదారి గారి మాట వ్యాఖ్యానంగా ఉంటుంది.

కొండదారి
సరే. జోడు గురించి మిగిలినదీ చెప్పేస్తాను. పరుగు జోళ్ళు 300–500 మైళ్ళు వస్తాయి కాబట్టి సగం చేరేసరికి రెండు మూడు జతలు అయిపోతాయి. బయలుదేరకముందే ఒకే సైజులో నాలుగు జతలు కొని ఇంట్లో పెట్టడం మామూలు పొరపాటు. మూడో జత పార్సిల్ విప్పేసరికి పట్టదు. కొత్తది సాయంత్రం, నడిచే మేజోళ్ళతో, మూట వీపున వేసుకుని నిలబడి చూడాలి. పొడుగు వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

చల్లకుండ

అర్ధ గ్యాలనంట ఐస్క్రీము పందెము
పెట్టె చిన్నదాయె పింటు కొనుము
కొన్న దానిమీఁదఁ గొంత చేర్చఁగ నిట్లు
సగము దాఁటువేళ సగము పెరిగె

నిర్వాహకుడు
"అంట ఐస్క్రీము" విసంధి. "నంట యైస్క్రీము" అనండి. అ–యై యతి చెడదు.

కొండదారి
పైన్ గ్రోవ్ ఫర్నెస్ దుకాణం దగ్గర సగం దాటినందుకు అర గ్యాలను, అంటే 64 ఔన్సుల ఐస్‌క్రీము ఒకే విడతలో కూర్చుని తినే ఆచారం. గెలిస్తే చిన్న కొయ్య చెంచా. పెట్టెలు ఒకటిన్నర క్వార్టుకు (48 ఔన్సులు) కుదించుకుపోయాక పైన ఒక పింటు (16 ఔన్సులు) కలపాల్సి వచ్చింది. 48 మీద 16 అంటే మూడో వంతు, సగం కాదు! మీ పూరణ లెక్కలో తప్పింది.

నిర్వాహకుడు
మూడో పాదం ఇలా మారిస్తే లెక్క గొడవ ఉండదు, అతిశయోక్తి అవుతుంది:
పొట్ట చుట్టుకొలత పోటెత్తి కనిపింప

చల్లకుండ
ధన్యుణ్ణి. తీసుకున్నాను.

సద్దిమూట

ఆకలియను మంట హద్దులే మఱచెను
సంచి బరువు హెచ్చె సద్దిచేత
నాఁడు తిన్న పాళ్ళు నవ్వు తెప్పించఁగ
సగము దాఁటువేళ సగము పెరిగె

నిర్వాహకుడు
నిర్దోషం. మూడో పాదం ఈ పూరణలలో అన్నిటికన్నా బాగుంది.

కొండదారి
ఆకలి సగం పెరిగినా బరువు సగం పెరగనక్కర్లేదు. నూనె గ్రాముకు తొమ్మిది కేలరీలు, నూడుల్సు నాలుగున్నర దగ్గర. వేరుసెనగ వెన్న, పల్లీలు, అన్నంలోకో నూడుల్సులోకో రెండు చెంచాల ఆలివ్ నూనె చేరిస్తే చాలు.

గుట్టలరాయుడు

మైలు లెక్కఁ జూడ మధ్యమె యైనను
రాళ్ళు గుట్ట లింకఁ బెక్కులుండె
కాలి కష్ట మెంచి గంటలఁ గొలిచిన
సగము దాఁటువేళ సగము పెరిగె

నిర్వాహకుడు
రెండో పాదంలో యతి తప్పింది, రా–బె కలవదు. "రాళ్ళు గుట్ట లింక రమ్మనంగ" అంటే రా–ర కుదురుతుంది. "ఉండె" కన్నా రాళ్ళు రమ్మని పిలవడమే బాగుంది కూడా.

కొండదారి
"గంటలఁ గొలిచిన" అన్నది దారి తెలిసిన మాట. సగం దాటాక కంబర్లాండ్ లోయ చదును చూసి మోసపోతారు. సస్క్వెహన్నా నది దాటాక పెన్సిల్వేనియా రాళ్ళు మొదలు. ఆపైన న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్, మెయిన్‌లో మహూసుక్ నాచ్ అనే ఇరుకు కనుమ. ఆ నాచ్ ఒక్క మైలే, ఇంతింత బండల కింద దూరి పాకుతూ పోవాలి, గంటల పని.
ఏప్రిల్ 1న బయలుదేరి రోజుకు పది మైళ్ళ సగటున వస్తే సగం చేరేది జులై 19 ప్రాంతంలో. కటాడిన్ ఉన్న బ్యాక్స్టర్ పార్కులో అక్టోబరు 15 తరువాత రాత్రి బసకు వీల్లేదు. చేతిలో 88 రోజులు, మిగిలింది 1,099 మైళ్ళు: రోజుకు పన్నెండున్నర. ఆరు రోజులు ఊళ్ళో విశ్రాంతి తీసుకుంటే పదమూడుకు పైన. అదీ కష్టమైన సగంలో.

గుట్టలరాయుడు
"రమ్మనంగ" తీసుకుంటున్నానండి. యతి చూసుకోలేదు.

నిర్వాహకుడు
వచ్చే వారానికి:

రాయి మెత్తనాయె రాత్రివేళ