32 బిట్ బోర్డుల్లో 64 బిట్ టైమ్: ఫ్లాగు బిల్డ్ మొత్తానికా, ప్యాకేజీల వారీగానా?

సెకనుముల్లు:
ఆర్మ్ వీ7 బోర్డు, యోక్టో (బోర్డుకి లినక్స్ ఇమేజ్ తయారుచేసే టూల్) బిల్డ్, జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) 2.35, కెర్నల్ 5.15. 32 బిట్ల టైమ్_టీ (1970 నుంచి గడిచిన సెకన్లు దాచే సీ టైపు) 2147483647 దగ్గర నిండిపోతుంది. మన టైముకి అది 2038 జనవరి 19 ఉదయం 8:44:07. జీలిబ్‌సీ 2.34 నుంచి _టైమ్_బిట్స్=64 అనే ఫ్లాగు ఇచ్చి కంపైల్ చేసుకునే వీలుంది. దీన్ని బిల్డ్ మొత్తానికీ ఒకేసారి పెట్టాలా, టైముతో పనున్న ప్యాకేజీలకి మాత్రం పెడితే చాలా? టీంలో రెండు వాదనలూ ఉన్నాయి.

లింకర్_లక్ష్మి:
మొత్తానికే. ఇందులో మధ్యేమార్గం లేదండీ. ఫ్లాగు పెట్టగానే టైమ్‌స్పెక్ (సెకన్లు, నానోసెకన్లు ఉండే స్ట్రక్చర్) 8 బైట్ల నుంచి 16 అవుతుంది. జీలిబ్‌సీ వరకూ ఇబ్బంది లేదు, పాత ఫంక్షన్లూ కొత్తవీ రెండూ దాంట్లోనే ఉన్నాయి, హెడరే సరైనదాన్ని ఎంచుకుంటుంది. మిగతా లైబ్రరీలకి ఆ సదుపాయం లేదు. ఒక లైబ్రరీ తన పబ్లిక్ స్ట్రక్చర్లో టైమ్_టీ పెట్టిందనుకోండి. లైబ్రరీ ఫ్లాగు లేకుండా, ప్రోగ్రాం ఫ్లాగుతో కంపైల్ అయితే ఫంక్షన్ పేరు ఒకటే కాబట్టి లింకర్ కిక్కురుమనదు. రన్ అయ్యాక టైమ్ తర్వాతి ఫీల్డులన్నీ పక్కకి జరిగిపోతాయి. డెబియన్ వాళ్లు 2024లో లైబ్రరీ ప్యాకేజీల పేర్లకి టీ64 తగిలించింది ఇందుకే, లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 లాగా.

పాతబోర్డు:
లక్ష్మి గారూ, ఆ డెబియన్‌వాళ్లే ఐ386ని (32 బిట్ పీసీల వెర్షన్) మార్చకుండా వదిలేశారు కదా! సోర్సు లేని పాత బైనరీల కోసమే దాన్ని ఉంచారు. బోర్డుల సంగతీ అంతే. కెమెరాకో మోడెమ్‌కో తయారీదారు ఇచ్చిన డాట్ ఎస్ఓ ఫైలు (కంపైల్ చేసిన లైబ్రరీ) ఉంటుంది, సోర్సు ఇవ్వరు. దాని హెడర్లో టైమ్‌వాల్ (టైమ్_టీ ఉండే ఇంకో స్ట్రక్చర్) కనిపిస్తే మీ "మొత్తానికే" అక్కడే ఆగిపోతుంది.

లింకర్_లక్ష్మి:
ఆగక్కర్లేదు. ఆ హెడర్‌ని తాకే చిన్న సీ ఫైలు ఒకటి రాసి, దాన్ని మాత్రం ఫ్లాగు లేకుండా కంపైల్ చేయండి. అవతలివైపు ఇంట్64_టీలో సెకన్లు అందించండి. ఒకే ప్రాసెస్‌లో రెండు రకాల ఆబ్జెక్టులూ ఉండొచ్చు, వాటి మధ్య టైమ్_టీ దాటకపోతే చాలు. కాకపోతే 2038 దాటాక ఆ బ్లాబ్ (సోర్సు లేని ఆ ఫైలు) అడిగే క్లాక్_గెట్‌టైమ్ ఈఓవర్‌ఫ్లో (విలువ పట్టలేదు) ఎర్రర్‌తో -1 ఇస్తుంది. అందరూ చెప్పినట్టు నెగటివ్ అయి 1901కి దూకదు, మీరిచ్చిన స్ట్రక్చర్‌ని అసలు ముట్టుకోదు. రిటర్న్ విలువ చూడని కోడు స్టాక్‌లో ఉన్న చెత్తనే టైమ్ అనుకుంటుంది. మోనోటానిక్ క్లాక్ (బోర్డు ఆన్ అయిన దగ్గర్నుంచి లెక్కపెట్టేది) వాడేవాటికి ఈ బెడద లేదు.

ఇక ఫ్లాగు ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం. _ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్=64 కూడా కలిపే పెట్టాలి, అది లేకపోతే హెడరే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. సీఫ్లాగ్స్‌లో (సీ కంపైలర్ ఆప్షన్ల వేరియబుల్) మాత్రమే పెడితే సీ++ కోడుకి అందదు. సీపీపీఫ్లాగ్స్‌లో (ప్రీప్రాసెసర్ ఆప్షన్లవి) పెడితే సీమేక్ అనే బిల్డ్ టూల్ దాన్ని చూడనే చూడదు. కొన్ని మేక్‌ఫైళ్లు మీరిచ్చినవన్నీ తుడిచేసి సొంతవి రాసుకుంటాయి. అందుకే కంపైలర్ కమాండ్‌కే తగిలించాలి. యోక్టో కొత్త విడుదలల్లోని టైమ్64.ఇంక్ చేసేదీ అదే: టార్గెట్_సీసీ_ఆర్చ్‌కి చేరుస్తుంది. జీలిబ్‌సీని, జీసీసీ శానిటైజర్లని (మెమరీ తప్పులు పట్టే లైబ్రరీలు) అందులో మినహాయించారు, ఆ రెండింటికీ పెట్టకూడదు.

బిట్‌బేకు_బాబు:
ఫ్లాగు ఎక్కడ పెట్టాలా అని కొట్టుకుంటున్నారు గానీ, పెట్టాక సోర్సులో పగిలేవి చూడండి.

ప్రింట్‌ఎఫ్‌లో టైమ్_టీకి %ఎల్‌డీ (ఇక్కడ 32 బిట్ల లాంగ్ కోసం) రాసిన కోడు కోకొల్లలు. ఆర్మ్‌లో 64 బిట్ విలువ సరి సంఖ్య రిజిస్టర్ నుంచే మొదలవ్వాలి. ప్రింట్‌ఎఫ్‌కి ఫార్మాట్ ఆర్0లో వెళ్తుంది, టైమ్ ఆర్2, ఆర్3ల్లో. %ఎల్‌డీ చదివేది ఆర్1ని, అంటే చెత్తని. ఇది వెంటనే దొరికిపోతుంది కాబట్టి నయమే. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఇంకా మోసం: ఫైలు ఆర్0, ఫార్మాట్ ఆర్1, కాబట్టి %ఎల్‌డీ ఆర్2లోని దిగువ సగం చదివి సరైన టైమే చూపిస్తుంది. దాని పక్కన %ఎస్ ఉంటే అది ఆర్3లోని సున్నాని పాయింటర్ అనుకుంటుంది, లాగ్‌లో పేరు బదులు నల్ అని పడుతుంది. టైమ్ బానే ఉంది కదా అని పేరు కోసం వెతుకుతూ కూర్చుంటారు. లాంగ్ లాంగ్‌కి మార్చి %ఎల్ఎల్‌డీ వాడండి, ఫార్మాట్ వార్నింగులని ఎర్రర్లు చేయండి.

రెండోది టచ్‌స్క్రీన్. ఇన్‌పుట్_ఈవెంట్‌ని (టచ్ వివరాల స్ట్రక్చర్) 32 బిట్ కెర్నల్ 16 బైట్లుగానే పంపుతుంది. సొంతంగా పాత ఇన్‌పుట్ హెడర్ కాపీ పెట్టుకున్న ప్యాకేజీ ఫ్లాగుతో కంపైల్ అయితే టైమ్‌వాల్ 16 అయి స్ట్రక్చర్ 24 బైట్లవుతుంది, ఈవెంట్లన్నీ కలగాపులగం. సిస్టమ్‌లో ఉన్న కొత్త హెడర్ వాడితే డాట్ టైమ్ అన్న ఫీల్డే కనిపించక కంపైల్ ఆగుతుంది. అక్కడ ఇన్‌పుట్_ఈవెంట్_సెక్ రాయాలి.

పాతబోర్డు:
దీన్నిబట్టే తెలుస్తోందిగా, ఫీల్డులో ఉన్న బోర్డులకి ఒక్క అప్‌డేట్‌లో ఇది తోసేయకూడదని. పైగా ఫ్లాగు పెట్టినంత మాత్రాన డిస్కు మారదు. 128 బైట్ల ఐనోడ్‌తో (ఫైలు వివరాలు దాచే రికార్డు) చేసిన ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో 2038 తర్వాతి తేదీకి చోటే లేదు. 256 అయితే 2446 దాకా నడుస్తుంది. పాత ఎంకేఈ2ఎఫ్ఎస్ (ఫార్మాట్ చేసే టూల్) చిన్న పార్టిషన్లకి 128 ఇచ్చేది, ట్యూన్2ఎఫ్ఎస్‌తో చూసుకోండి.

సెకనుముల్లు:
సరే, బిల్డ్ మొత్తానికీ పెట్టాం అనుకుందాం. ఏదీ మిగల్లేదని తేల్చుకోవడం ఎలా?

లింకర్_లక్ష్మి:
ప్రతి బైనరీ మీదా ఎన్ఎం -డీ నడిపి, బయట నుంచి తెచ్చుకునే పేర్లు చూడండి. __టైమ్64, __క్లాక్_గెట్‌టైమ్64, __స్టాట్64_టైమ్64 కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టు. ఉత్త క్లాక్_గెట్‌టైమ్ కనిపిస్తే ఆ ప్యాకేజీకి ఫ్లాగు చేరలేదు. లైబ్రరీలు కూడా వదలొద్దు. తర్వాత క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో డేట్ కమాండ్‌తో గడియారాన్ని @2147483640కి తిప్పి ఒక గంట వదిలేయండి. టెస్ట్ కెర్నల్లో కాన్ఫిగ్_కంపాట్_32బిట్_టైమ్ (పాత 32 బిట్ టైమ్ కాల్స్‌ని ఉంచే ఆప్షన్) తీసేస్తే, పాత సిస్టమ్ కాల్స్‌ని నేరుగా పిలిచేవన్నీ ఈనోసిస్ (అలాంటి కాల్ లేదు) ఎర్రర్‌తో అప్పుడే బయటపడతాయి.

పాతబోర్డు:
ఆ ఆప్షన్ టెస్ట్ ఇమేజ్‌లోనే తీయండి. ఫీల్డుకెళ్లే కెర్నల్లో ఉండనివ్వండి, స్టాటిక్‌గా లింకైన పాత టూల్ ఒక్కటి ఎక్కడో మిగిలినా అది 2038 దాకా ఆగదు, ఇవాళే పడిపోతుంది. ఇంకోటి, బోర్డు మీద పాత డాకర్‌లో మజిల్ (ఇంకో సీ లైబ్రరీ) 1.2 కంటెయినర్లు (ఆల్పైన్ 3.13, ఆ తర్వాతివి) నడిపేవాళ్లు లిబ్‌సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ని వడగట్టే లైబ్రరీ) 2.4.2, డాకర్ 19.03.9 కంటే పాతవి ఉంచుకోవద్దు. కొత్త టైమ్ సిస్టమ్ కాల్‌కి అవి ఈనోసిస్ బదులు ఈపెర్మ్ (అనుమతి లేదు) ఇస్తాయి. ఈనోసిస్ వస్తేనే మజిల్ పాత కాల్‌కి వెనక్కెళ్తుంది, ఈపెర్మ్ వస్తే వెళ్లదు. కంటెయినర్లో టైమ్ అడిగిన ప్రతిదీ తప్పుతుంది.

బిట్‌బేకు_బాబు:
ఫేక్‌టైమ్ లాంటి ప్రీలోడ్ టూల్‌తో (లైబ్రరీల కంటే ముందు లోడై దొంగ టైమ్ ఇచ్చేది) టెస్ట్ చేస్తుంటే, అది __క్లాక్_గెట్‌టైమ్64ని కూడా పట్టుకుంటోందో లేదో ముందు చూడండి. పాత పేరునే పట్టుకునే వెర్షనైతే కొత్త బైనరీలకి అసలు టైమే వెళ్తుంది, టెస్టులన్నీ పాసైపోతాయి.