పేడనీళ్లు పారిన నేపియర్‌ను గేదెలు ముట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: 8 గేదెలు, 2 ఎకరాల సూపర్ నేపియర్ గడ్డి, ఎర్రనేల, బోరు నీళ్లు. షెడ్డు కడిగిన పేడనీళ్లు రోజూ కాలువలో కలిసి చేలోకి పోతాయి. కాలువ మొదట్లో గడ్డి నల్లపచ్చగా ఏపుగా పెరిగి పడిపోతోంది, గేదెలు మూతి పెట్టడం లేదు. చివరి మడులు మాత్రం పసుపెక్కాయి. పేడ పోతోంది కదా అని యూరియా ఆపేశాం. తెలిసినవాళ్లు చెప్పండి అన్నా.

జవాబు: అన్నా, 2 ఎకరాలకు పోవాల్సిన పేడ పది ఇరవై సెంట్లకే పోతోంది, అదీ సంగతి. గేదెకు రోజుకు 15 కిలోల పేడ అనుకుంటే మీకు 120 కిలోలు. అంతే నీళ్లు కలిపితే 240 లీటర్లు. వెయ్యి లీటర్లకు నత్రజని సుమారు 2 కిలోలు. అంటే 45 రోజుల కోతకు, కోతకు మధ్య మొత్తం పేడలో ఉన్నది దాదాపు ఒక యూరియా బస్తా నత్రజని. మూత్రం కలిస్తే ఇంకొంచెం, గాలికి పోయేది కొంత. 2 ఎకరాల నేపియర్‌కు ఇది చాలదు, అందుకే చివర పసుపు.

కాలువలోకి వదలడం ఆపండి. 2,000 లీటర్ల తొట్టి కట్టి, మూతి దగ్గర జాలీ పెట్టండి, లేకపోతే గడ్డిపరకలు పైపులో ఇరుక్కుంటాయి. 45 రోజులకోసారి కోతంటే 2 ఎకరాల్లో వారానికి కోసేది సుమారు 30 సెంట్లే, ఆ వారం పేడనీళ్లు ఆ 30 సెంట్లకే. కోసిన రెండు మూడు రోజుల్లో, కొత్త పిలకలు లేవకముందే, దుబ్బుల మధ్య సాళ్లలో వదిలి వెంటనే తడి ఇవ్వండి. ఆకులు వచ్చాక పోస్తే పేడ అంటుకుంటుంది, ఆ వాసనకే గేదె వదిలేస్తుంది. వాన వచ్చేట్టుంటే ఆగండి.

మరొకరు: ఆ నల్లపచ్చ గడ్డి ఇప్పుడే మేపొద్దండి. నత్రజని ఎక్కువైన చోట, ముఖ్యంగా బెట్ట తర్వాత, కాండం అడుగు భాగంలో పశువుకు విషమయ్యే నైట్రేట్ చేరుతుంది. ఎండబెట్టినా పోదు. జొన్నలో సైనైడ్ విషం ఆరబెడితే తగ్గుతుంది, రెండూ ఒకటే అనుకుని చాలామంది ఎండబెట్టి వేస్తారు. సైలేజీలో (పాతర గడ్డిలో) నైట్రేట్ కొంత తగ్గుతుంది. పశువైద్యశాలలో పరీక్ష చేయించి, మేపమంటే అడుగున జానెడు వదిలి కోసి, ఎండుగడ్డిలో కలిపి కొద్దికొద్దిగా వేయండి. తిన్న గేదె ఆయాసపడుతూ తూలినా, రక్తం చాక్లెట్ రంగులో కనిపించినా ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరును పిలవండి. డాక్టరు విరుగుడుగా మిథిలిన్ బ్లూ మందు ఇస్తారు.

ప్రశ్న: యూరియా మళ్లీ వేయాలా? పచ్చి పేడ నేరుగా చల్లొచ్చా?

జవాబు: పసుపు మడులకు కోత కాగానే ఎకరానికి సగం బస్తా వేసి తడి ఇవ్వండి. కాలువ మొదటి మడులకు రెండు కోతల దాకా యూరియా, పేడనీళ్లు రెండూ వద్దు. పచ్చి పేడ వద్దు, కలుపు విత్తనాలు, వేరుపురుగు దాంతోనే వస్తాయి. గుంటలో మూడు నాలుగు నెలలు మాగనిచ్చి, కొత్త తోట వేసేటప్పుడు ఎకరానికి 10 టన్నులు వేసి అదే రోజు దున్నేయండి. భాస్వరం ఏటా పేరుకుంటుంది కాబట్టి మట్టి పరీక్ష చూశాకే సూపర్ ఫాస్ఫేట్ కొనండి.