పొగగొట్టం ఎత్తుగా ఉంటే చాలా? ఎఫ్‌జీడీ (పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తీసేసే యంత్రం) అక్కర్లేదా?

డాబా మీద గాలి:
బొగ్గు ప్లాంట్లన్నీ సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో చెప్పింది. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ, 2025 జులైలో నాలుగింట మూడొంతులకు పైగా ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేసింది. ఢిల్లీ ప్రాంతానికి, పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మాత్రం 2027 చివరికల్లా ఎఫ్‌జీడీ పెట్టాలి. బాగా కలుషితమైన ప్రాంతాలవి విడిగా చూస్తారు. మిగతావి పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలట. ఇది న్యాయమేనా?

థర్మల్ ఉద్యోగి:
నేను ఆపరేషన్స్‌లో పనిచేస్తాను. మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. సల్ఫర్ డయాక్సైడ్ కొలిస్తే చాలా ఊళ్లలో పరిమితిలోపే ఉంటుంది. ఎఫ్‌జీడీకి సున్నపురాయి తవ్వాలి, లారీల్లో తేవాలి, ప్లాంటు కరెంటు కొంత దానికే పోతుంది. చివరికి బిల్లు కట్టేది జనమే కదా.

డాబా మీద గాలి:
అన్నా, మీరు కొలిచేది వాయువును. అది వాయువుగానే ఉండిపోదు. గంటల్లో, రోజుల్లో ఆమ్లమై, పొలాల్లోని ఎరువు నుంచి, పేడ నుంచి లేచే అమ్మోనియాతో కలిసి సల్ఫేట్ రేణువవుతుంది. అప్పుడు పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నని ధూళి) లెక్కలో పడుతుంది, ఎవరి పొగో మీటరుకు తెలియదు. వాన కడిగేదాకా వందల కిలోమీటర్లు పోతుంది.

నేను థర్మల్ ప్లాంటు పక్క ఊళ్లోనే పెరిగాను. ఆరేసిన దుప్పట్లు అమ్మ రెండుసార్లు దులిపి మడతపెట్టేది, అయినా మడతల్లో బూడిద గరగరలాడేది. ఈఎస్పీలు (పొగలోని బూడిదను కరెంటుతో పట్టే యంత్రాలు) బాగుచేశాక అది తగ్గింది, పొల్యూషన్ పోయిందనుకున్నాం. ఈఎస్పీ బూడిదను పడుతుంది, వాయువును పట్టదు.

ఎత్తు సంగతికొస్తే, 500 మెగావాట్ల యూనిట్‌కు 275 మీటర్ల గొట్టం కడతారు. పక్క ఊరికి మేలే. బ్రిటన్ కూడా ఎత్తైన గొట్టాలు కట్టింది. ఆ పొగ దూరం పోయి ఆమ్లవానగా పడి, స్వీడన్, నార్వే చెరువుల్లో చేపలు చచ్చాయి. సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై 1979లో జెనీవాలో దేశాలు ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

థర్మల్ ఉద్యోగి:
సల్ఫేట్ మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ చిన్న పాత యూనిట్లకూ పెట్టమంటే డబ్బు దండగ. నాలుగేళ్లలో మూతపడేవాటికి ఎందుకు?

డాబా మీద గాలి:
వాటిని వదిలేయండి, నాకూ అభ్యంతరం లేదు. నా గొడవ ఆ 10 కిలోమీటర్ల గీతతోనే. రామగుండం థర్మల్ ప్లాంటు చూడండి. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, హైదరాబాద్ దానికి దాదాపు నైరుతిలో, నేరుగా 200 కిలోమీటర్ల లోపే. గంటకు 10 కిలోమీటర్ల గాలి చాలు, ఒక్క రోజులో చేరుతుంది.