లీడర్‌షిప్ స్కాలర్‌షిప్ వ్యాసం: ఏ పదవీ చేయనివాళ్లు ఏం రాయాలి?

వెనకబెంచీ:
రెండు వ్యాసాలు అడిగారు, ఒక్కోటి 500 పదాలు. మొదటిది నాయకత్వం వహించిన సందర్భం, రెండోది చదువయ్యాక ఏం చేస్తారని. నేను క్లాస్ లీడర్‌ని కూడా కాదు. మైకు పట్టుకుంటే గొంతు పెగలదు.

ఉన్నదల్లా ఒక్కటే. నా క్లాస్‌మేట్ ఒకడికి చూపు లేదు. ఎకనామిక్స్ పుస్తకం ఆడియోలో దొరకలేదు. మేం కొంతమందిమి తలా ఒక చాప్టర్ ఫోన్‌లో చదివి రికార్డు చేసి ఇవ్వడం మొదలుపెట్టాం. సగంమంది మెల్లగా జారుకున్నారు. తలా నాలుగు పేజీలకి తగ్గించాక సాగింది. ఇది నాయకత్వం కిందకి వస్తుందా?

డ్రాఫ్టులో మొదటి వాక్యం ఇదీ: "చిన్నప్పటి నుంచీ నాలో నాయకత్వ లక్షణాలు మెండుగా ఉన్నాయి." చదువుతుంటే నాకే నవ్వొస్తోంది.

ఎర్రసిరా:
నిక్షేపంగా వస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తులో ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి జవాబు రాయమంటారు, ఒక్కోటి 350 పదాలు మించకుండా. అందులో మొదటి ప్రశ్నే నాయకత్వం మీద. పదవి ఉంటేనే నాయకత్వం కాదని, ఒక పని బాధ్యత నెత్తినేసుకోవడం, ఇంట్లోవాళ్లని చూసుకోవడం కూడా రాయొచ్చని దాని కిందే వివరణ ఉంటుంది.

మీ కథలో అసలు సరుకు ఆ సగంమంది జారుకున్న చోట ఉంది. మీరేమో రెండు ముక్కల్లో దాటేశారు. ఎందుకు మానేస్తున్నారో ఎలా కనుక్కున్నారు? నాలుగు పేజీలన్నది ఎవరి ఆలోచన? గ్రాఫులొస్తే ఎలా చదివారు? సగానికి పైగా పదాలు అక్కడే ఖర్చుపెట్టండి. ఆ మొదటి వాక్యం కొట్టేయండి, దాన్ని ఎవరైనా రాయగలరు.

ఇంకోటి, అంతా "మేం, మేం" అని రాశారు. మనకి "నేను" అనడానికి మొహమాటం. కమిటీకి మాత్రం మీరేం చేశారో తెలియాలి. చేయనిది కలపొద్దు, చేసింది దాచొద్దు.

వెనకబెంచీ:
గ్రాఫుల సంగతి భలే అడిగారు! మొదట్లో "పటం చూడండి" అని చదివేసి వెళ్లిపోయేవాళ్లు. ముందు అక్షాల పేర్లు చెప్పండి, తర్వాత గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతోందో దిగుతోందో చెప్పండి అని వాడే నేర్పాడు. అది ఒక కాగితం మీద రాసి అందరికీ పంపింది నేను.

నిద్రగన్నేరు:
ఇదే రాయండి. కానీ ఒక్క మాట. ఇప్పటిదాకా మీ పోస్టుల్లో ఆ అబ్బాయి సాయం అందుకునేవాడు మాత్రమే, ఈ కామెంట్‌లో తొలిసారి మనిషిగా కనిపించాడు. "పాపం, చూపులేని మిత్రుడికి వెలుగునిచ్చాను" తరహా వ్యాసాలు చదివి చదివి విసుగెత్తాను. పద్ధతి అతనిదని రాస్తే మీ గొప్ప తగ్గదు, వినే గుణం కనిపిస్తుంది. పేరు రాయకండి. పంపేముందు అతని అనుమతి తీసుకోండి.

ఎర్రసిరా:
నిద్రగన్నేరు గారితో ఏకీభవిస్తున్నా, నాకు తట్టలేదు. రెండో వ్యాసంలో మాత్రం ఇదే కథ మళ్లీ చెప్పకండి. సిఫారసు ఉత్తరం రాసే మాస్టారికి రెండూ ముందే చూపించండి, లేకపోతే ఆయన అటెండెన్స్ గురించి రాసి ఊరుకుంటారు.

వెనకబెంచీ:
వాడికి ఫోన్ చేశాను. సరే అన్నాడు, కానీ డ్రాఫ్టు మొత్తం రికార్డు చేసి పంపాలట, విని దిద్దుతాడట. రెండో వ్యాసం రేపు ఇక్కడ పెడతాను, మొహమాటపడకుండా కోసెయ్యండి.