అప్‌డేట్: మేత మింగలేని ఆడ పావురం సంగతి

పది రోజుల క్రితం అడిగాను కదా, జత కట్టించిన నా ఆడ పావురం గింజ నోట పట్టి జారవిడుస్తోందని, మెడ సాగదీస్తూ అవస్థ పడుతోందని. జలుబనుకుని మిరియాల నీళ్లు పట్టించింది నేనే. బుద్ధి తక్కువ పని.

మీలో ఒకరు చెప్పినట్టు టార్చి వేసి నోరు తెరిచి చూశాను. నాలుక వెనుక జున్నుముక్కలాంటి పసుపుపచ్చని గడ్డ, కుళ్లు వాసన. గుంటూరులోనే పశువైద్యుడికి చూపిస్తే, ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి తెచ్చే కాంకర్ అనే నోటి జబ్బు అన్నారు. గడ్డను గీకితే రక్తం కారుతుందని హెచ్చరించి, పిట్టను తూకం వేసి మెట్రోనిడజోల్ మోతాదు రాసిచ్చారు. అయిదో రోజుకు గడ్డ దానంతటదే ఊడింది. అప్పటిదాకా నానబెట్టిన పెసలు ఒక్కొక్కటే నోట్లో పెట్టాను. ఆరో రోజున నా వేలు గట్టిగా పొడిచింది. ప్రాణం కుదుటపడింది, దానిది కాదు, నాది!

మగదానికి పైకి ఏ జబ్బూ కనిపించకపోయినా మందు వేయమన్నారు. ఒకే నీళ్ల గిన్నె, పైగా ముక్కులో ముక్కు పెట్టుకునే జంట. పిల్లలకు పట్టే పావురం పాలతోనూ (పెద్ద పావురాల మేత సంచిలో ఊరే పాలలాంటి పదార్థం) ఇది అంటుకుంటుందట. అందుకే ఈ విడత రెండు గుడ్లూ తీసేశాను. గిన్నె రోజూ కడిగి ఎండబెడుతున్నాను. నిన్న సాయంత్రం డాబా మీద రెండూ జొన్నల కోసం కొట్టుకున్నాయి.