పరుగు తర్వాత కాళ్ల నొప్పులకు పసుపు క్యాప్సూల్స్: వాడాలా, వద్దా?

తార్నాక_ఫిజియో: హైదరాబాద్ ఆగస్టు మారథాన్‌లో ఫ్లైఓవర్లు దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోస్తుంది. పోగులు చిట్లేది అక్కడే. నొప్పి 24 నుంచి 72 గంటల్లో ముదురుతుంది. పసుపులో పనిచేసే పదార్థం కర్కుమిన్; దాని క్యాప్సూల్స్‌తో నొప్పి కాస్త తగ్గినట్టు ప్రయోగాల్లో కనబడింది, కానీ అవన్నీ చిన్న ప్రయోగాలు.

మియాపూర్_రన్నర్: క్యాప్సూల్ దేనికండీ? నిజామాబాద్ పసుపు ఇంట్లోనే ఉంది. పాలల్లో చెంచాడు వేసి మిరియాల పొడి చల్లుకుంటే సరిపోదా?

తార్నాక_ఫిజియో: చెంచాడు అంటే 3 గ్రాములు. అందులో కర్కుమిన్ 3 శాతం అనుకుంటే 90 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఉండే 500 మి.గ్రా. కావాలంటే ఐదారు చెంచాలు. కడుపు తట్టుకోదు.

మియాపూర్_రన్నర్: మిరియాల సంగతి దాటేశారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మి.గ్రా. పైపరిన్ (మిరియాల్లో ఘాటునిచ్చే పదార్థం) ఇస్తే ఒంటికి పట్టేది 2000 శాతం పెరిగింది. ఆ పైపరిన్‌కి అర గ్రాము మిరియాలు చాలు.

ఉప్పల్_సైక్లిస్ట్: మిరియాలు ఉంటే క్యాప్సూల్ దండగ. +1

అమీర్‌పేట_ఫార్మసిస్ట్: ఎందుకు పెరిగిందో చూడండి. కర్కుమిన్‌ని బయటికి పంపే కాలేయం పనిని పైపరిన్ నెమ్మది చేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు క్యాప్సూల్ జోలికి పోవద్దు. కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చాకే 2023లో ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. వంటలో వేసే పసుపుకి ఆ హెచ్చరిక లేదు.

మియాపూర్_రన్నర్: తరతరాలుగా తింటున్నదాన్ని పట్టుకుని భయపెడతారేంటి? ఏం అడిగినా ఈ గ్రూపులో డాక్టర్లకి వద్దనడమే పని. మంగళవారం స్పీడ్ రన్ ఉంది, ఆలోపు నొప్పి పోవాలి, అంతే!

తార్నాక_ఫిజియో: అదండీ అసలు తగాదా! మీకు నొప్పి పోవాలి, నాకు కండరం మానాలి. నొప్పి తగ్గినా బలం రావడానికి ఇంకా రోజులు పడుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలు వణికితే స్పీడ్ రన్ వద్దు, 30 నిమిషాలు నడవండి చాలు.

మియాపూర్_రన్నర్: నడిస్తే టైమింగ్ పోతుంది. ఆ బాధ మీకేం తెలుసు?

అమీర్‌పేట_ఫార్మసిస్ట్: టైమింగ్ పక్కన పెట్టండి. మూత్రం కోలా రంగులో వస్తే పసుపు, మిరియాలు, క్యాప్సూల్ ఏవీ వద్దు. కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం. ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి.